విమాన టికెట్టు ఎవరి పద్దు?

ఒక దేశపు కళాబృందం మరో దేశానికి వెళ్లి ప్రదర్శన ఇచ్చేటప్పుడు ఖర్చు పంచుకునే పద్ధతి ఒకటి చాలాకాలంగా స్థిరపడి ఉంది. పంపేవారు రానుపోను విమాన ఛార్జీలు పెట్టుకుంటారు; పిలిచినవారు బృందం దిగిన దగ్గర నుంచి తిరిగి విమానం ఎక్కించే దాకా బస, భోజనం, స్థానిక ప్రయాణం, వేదిక, ప్రచారం చూసుకుంటారు. ప్రభుత్వాల మధ్య సాంస్కృతిక ఒప్పందాలు కూడా సాధారణంగా ఈ లెక్క మీదే నడుస్తాయి. పైకి ఇది సమంగానే కనిపిస్తుంది. అయితే కాకినాడలోనో అమలాపురంలోనో పాలకొల్లులోనో సభ్యత్వ రుసుములతో, నలుగురు దాతల చందాలతో నడిచే ఒక లాభాపేక్ష లేని కళాసంఘం తన వంతు భరించాల్సి వచ్చినప్పుడు చిక్కు బయటపడుతుంది. మన దేశంలో కళలకు దొరికే సహాయ నిధుల్లో అత్యధిక భాగం దేశం లోపల పెట్టే ఖర్చుకే వర్తిస్తుంది కాబట్టి, సరిగ్గా పంపేవారి వాటాగా వచ్చే విమాన ఛార్జీ దగ్గరే పద్దు ఖాళీగా మిగిలిపోతుంది.

గోదావరి డెల్టాకు విదేశీ రాకపోకలు కొత్త కాదు. కాకినాడ పక్కనున్న కోరంగి 1839 నాటి పెనుతుపానులో దెబ్బతినక ముందు పేరున్న ఓడరేవు. అక్కడ ఓడలెక్కి వెళ్లినందుకే మారిషస్‌లోనూ బర్మాలోనూ తెలుగువారిని కోరంగీలని పిలిచారు. నరసాపురం ప్రాంతపు ఆడవారి చేతుల్లో ఈనాటికీ నడుస్తున్న, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా పొందిన లేసు అల్లిక 19వ శతాబ్దంలో స్కాట్లాండు మిషనరీల ద్వారా వచ్చింది. రాజమహేంద్రవరం కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే చొరవ లేకపోతే చిత్రకారుడు దామెర్ల రామారావు బొంబాయి జె.జె. చిత్రకళా స్కూలు దాకా వెళ్లేవారు కాదు. ఆ ఇచ్చిపుచ్చుకోవడాలకు దరఖాస్తు ఫారం లేదు. ఇప్పుడు ఉంది, దాని వెనుక ఐదారు చట్టాలు ఉన్నాయి. ఆ చట్టాలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదివితే తప్ప అసలు సమస్య ఎక్కడుందో అర్థం కాదు.

మొదట విమాన ఛార్జీ నిజంగా భరించగల సంస్థ సంగతి. మౌలానా అబుల్ కలాం ఆజాద్ 1950లో నెలకొల్పిన భారత సాంస్కృతిక సంబంధాల మండలి, అంటే ఐసీసీఆర్, విదేశాంగ శాఖ కింద పనిచేసే స్వయంప్రతిపత్తి సంస్థ. విదేశాలకు బృందాలను పంపడం, అక్కడి బృందాలను ఇక్కడికి రప్పించడం దాని ముఖ్యమైన పనుల్లో ఒకటి. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ఐసీసీఆర్ ప్రధానంగా సంఘాలకు డబ్బు ఇచ్చే సంస్థ కాదు. కళాకారులను ఎంపిక చేసి పంపే సంస్థ. కళాకారుడో బృందమో ముందుగా దాని జాబితాలో నమోదు కావాలి. వీడియోలు, ప్రదర్శనల వివరాలు, పత్రికల్లో వచ్చిన సమీక్షలు చూసి నిపుణుల సంఘం శ్రేణి నిర్ణయిస్తుంది. ఆ తర్వాత ఎవరు ఎక్కడికి వెళ్లాలన్నది మన రాయబార కార్యాలయాల కోరిక, ఆ ఏడాది దౌత్య అవసరాలు, ఆ దేశంలో జరిగే ఉత్సవాల మీద ఆధారపడుతుంది. 1982లో బ్రిటన్‌లోను, 1985-86లో అమెరికా, ఫ్రాన్సుల్లోను, 1987-88లో సోవియట్ యూనియన్‌లోను జరిగిన భారత ఉత్సవాల నుంచి ఈ తర్కం పెద్దగా మారలేదు: దేశం తనను తాను చూపించుకుంటుంది, అందుకు తగిన కళను తానే ఎంచుకుంటుంది.

ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు, విదేశాంగ శాఖ పని అదే. కానీ ఫలితం ఒకటుంది. శాస్త్రీయ నృత్యానికి, సంగీతానికి సమీక్షలూ సోలో ప్రదర్శనల చరిత్రా కాగితం మీద చూపడం తేలిక. గరగలు, అంటే అమ్మవారి ఘటాలు, తలకెత్తుకుని గుడి చుట్టూ ఊరేగే బృందానికి పత్రికా సమీక్ష ఎక్కడి నుంచి వస్తుంది? జాతర రాత్రి నాలుగు గంటలు సాగే వీరనాట్యాన్ని కొద్ది నిమిషాల వీడియోగా కుదించి పంపితే, చూసేవారికి కనిపించేది మొత్తం ఆటలో ఒక ముక్క. అందువల్ల డెల్టా జానపద బృందాలకు కళాసంఘం చేయగల మొదటి సేవ నిధులు తేవడం కంటే ముందు నమోదు సామగ్రి తయారుచేయడం: మంచి వెలుతురులో తీసిన రికార్డింగు, ప్రదర్శనల తేదీలతో పట్టిక, పిలిచిన దేవస్థానాల, సంస్థల ఉత్తరాలు. దీనికి పెద్ద ఖర్చు కాదు. అయినా చేసేవారు తక్కువ.

సంస్కృతి మంత్రిత్వ శాఖ దారి వేరు. 'కళా సంస్కృతి వికాస్ యోజన' గొడుగు కింద ఉన్న పథకాల్లో సంఘాలకు బాగా ఉపయోగపడేది ఉత్సవాలు, సదస్సులు, శిక్షణ శిబిరాలు, నాటక నృత్య రూపకల్పనలకు ఇచ్చే 'కల్చరల్ ఫంక్షన్ అండ్ ప్రొడక్షన్ గ్రాంట్'. మామూలుగా దీని గరిష్ఠ పరిమితి 5 లక్షల రూపాయలు, ప్రత్యేక సందర్భాల్లో 20 లక్షల దాకా పెంచవచ్చు. ఇది ప్రధానంగా ఇక్కడ జరిగే కార్యక్రమానికి. అదే శాఖకు 'గ్లోబల్ ఎంగేజ్‌మెంట్ స్కీమ్' అనే మరో పథకం ఉంది. పేరు వినగానే ఆశ కలుగుతుంది కానీ, అందులో సంఘాలకు ఇచ్చే భాగం విదేశాల్లో పనిచేసే భారత మైత్రీ సాంస్కృతిక సంఘాల కోసం, అక్కడి మన రాయబార కార్యాలయాల ద్వారా వెళుతుంది. అంటే కాకినాడ సంఘం దరఖాస్తుదారు కాజాలదు. మారిషస్‌లోనో మరో దేశంలోనో అలాంటి గుర్తింపు ఉన్న సంఘం తన కార్యక్రమంలో కాకినాడ బృందాన్ని చేర్చుకోగలదు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిపిన దేశంలో ఇలాంటి భాగస్వామిని వెతకడం అసాధ్యమేమీ కాదు. పథకం ప్రకటన పైపైన చదివి తమకు పనికిరాదని పక్కన పెట్టేవారు ఈ మలుపును తరచు కోల్పోతారు: అడగవలసినది ఇక్కడి వారు కాదు, అక్కడి వారు.

ప్రభుత్వం తర్వాత చూపు సహజంగా కంపెనీల మీదికి పోతుంది. కృష్ణా-గోదావరి బేసిన్‌లో చమురు, సహజవాయు సంస్థలున్నాయి. కాకినాడ తీరంలో ఎరువుల కర్మాగారాలున్నాయి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆ చట్టం ఏడవ షెడ్యూలులో కళలు, సంస్కృతి, సంప్రదాయ కళల అభివృద్ధి స్పష్టంగా ఉన్నాయి. ఇంతవరకు బాగానే ఉంది. అయితే 2021 జనవరిలో సవరించిన నియమాలు దేశం వెలుపల చేసే ఏ పనీ ఈ లెక్కలోకి రాదన్నాయి. ఒక్క మినహాయింపు ఇచ్చాయి: రాష్ట్రానికో దేశానికో ప్రాతినిధ్యం వహించే క్రీడాకారుల శిక్షణ. మన దేశపు ఆటగాడు విదేశంలో శిక్షణ పొందితే కంపెనీ డబ్బు పెట్టవచ్చు, మన దేశపు తోలుబొమ్మల కళాకారుడు విదేశంలో ఆడితే పెట్టకూడదు. ఈ తేడాకు తగిన కారణం ఊహించడం కష్టం. క్రీడలకు ఇచ్చిన వెసులుబాటును కళలకూ వర్తింపజేస్తే నియమంలో మారేవి నాలుగైదు మాటలే.

ఆదాయపు పన్ను వైపు కూడా గాలి ఇటే వీస్తుంది. ధార్మిక ప్రయోజనాల కోసం పనిచేసే ట్రస్టులకు, సంఘాలకు మినహాయింపు ఇచ్చే ఆదాయపు పన్ను చట్టం ఆ ఆదాయాన్ని భారతదేశంలో వినియోగించాలంటుంది. దేశం వెలుపల వినియోగించాలంటే ఆ పని భారతదేశానికి ఆసక్తి ఉన్న అంతర్జాతీయ సంక్షేమాన్ని పెంపొందించేదై ఉండి, ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు అనుమతి ఉండాలి. రాజమహేంద్రవరంలో కొన్న విమాన టికెట్టు దేశం లోపలి ఖర్చా, వెలుపలి వినియోగమా అన్న ప్రశ్నకు ఆడిటరును బట్టి జవాబు మారవచ్చు. డబ్బు ఎక్కడ చెల్లించారన్నది ఒక వాదన, ప్రయోజనం ఎక్కడ నెరవేరిందన్నది మరో వాదన. చిన్న సంఘం ఇలాంటి వాదంలో పక్షం కాకుండా ఉండటమే మేలు. ప్రయాణానికి ముందే ఆడిటరు అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకుని మినిట్స్ పుస్తకంలో ఎక్కించుకోవాలి.

ఇక విదేశీ నిధులు. జపాన్ ఫౌండేషన్, గోథే ఇన్‌స్టిట్యూట్, స్విట్జర్లాండ్ వారి ప్రో హెల్వెషియా వంటి సంస్థలకు మన దేశంలోనే కార్యాలయాలున్నాయి. సాంస్కృతిక వైవిధ్య ఒప్పందం కింద యునెస్కో నడిపే అంతర్జాతీయ నిధి నుంచి వర్ధమాన దేశాల్లోని స్వచ్ఛంద సంస్థలు లక్ష డాలర్ల దాకా అడగవచ్చు. అమెరికాలో నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్ ఇచ్చే గ్రాంట్లు ప్రధానంగా అక్కడి లాభాపేక్ష లేని సంస్థలకు. మనవారు అందులో భాగస్వాములుగా మాత్రమే కనిపిస్తారు. ఎవరి దగ్గర నుంచి వచ్చినా, విదేశీ సంస్థ సొమ్ము ఇక్కడి సంఘం ఖాతాలో పడుతుందంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అందరూ ఎఫ్‌సీఆర్ఏ అని పిలిచేది, రంగంలోకి వస్తుంది.

ఆ చట్టం సాంస్కృతిక కార్యక్రమాలను నిషేధించదు. సాంస్కృతికం అన్నది అది గుర్తించిన ఐదు ప్రయోజనాల్లో ఒకటి. అడ్డంకి అర్హతలో ఉంది. నమోదుకు సంఘం మూడేళ్లుగా పనిచేస్తూ ఉండాలి, ఆ మూడేళ్లలో తన ప్రధాన కార్యక్రమాల మీద కనీసం 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి. ఏటా రెండు పరిషత్ నాటకాలు, ఒక త్యాగరాజ ఆరాధన, ఒక బాలల శిబిరం జరిపే డెల్టా సంఘాల్లో ఈ మొత్తం అందుకునేవి కొద్ది. వాటికి మిగిలింది ముందస్తు అనుమతి: ఫలానా దాత, ఫలానా మొత్తం, ఫలానా పని అని పేర్కొంటూ, దాత హామీ ఉత్తరం జత చేసి, ఆ ఒక్క సందర్భానికి హోం శాఖ అనుమతి అడగాలి. మామూలుగా 90 రోజుల్లో తేల్చాలని చట్టం అంటుంది. సొమ్ము రావలసింది మాత్రం న్యూఢిల్లీ పార్లమెంటు వీధిలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే. అక్కడి నుంచి ఊళ్లోని ఖాతాకు తెచ్చుకోవచ్చు.

2020 సెప్టెంబరు సవరణ దీనికి మరో రెండు బిగింపులు చేర్చింది. పరిపాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. అంతకంటే ముఖ్యంగా, విదేశీ విరాళం పొందిన ఒక సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ చేయడం పూర్తిగా నిషేధమైంది. అంతకుముందు పెద్ద నగరపు సంస్థ ఒకటి విదేశీ గ్రాంటు తీసుకుని, అందులో కొంత జిల్లాల్లోని చిన్న సంఘాలకు పంచే వీలుండేది. ఊరి సంఘానికి ఎఫ్‌సీఆర్ఏ ఫారాల బాధ లేకుండా పని జరిగేది. ఆ కాలువ ఇప్పుడు మూసుకుపోయింది. దుర్వినియోగాన్ని అరికట్టడం అవసరమే అయినా, ఈ నిబంధన బరువు ఎక్కువగా పడింది సొంతంగా నమోదు పొందలేని చిన్నవారి మీద.

అయితే చట్టాన్ని చూసి అనవసరంగా భయపడేవారూ ఉన్నారు. విదేశీ ఆతిథ్యం స్వీకరించడానికి ముందస్తు అనుమతి కావాలన్న నిబంధన చట్టసభ సభ్యులకు, న్యాయమూర్తులకు, ప్రభుత్వోద్యోగులకు, రాజకీయ పార్టీల పదాధికారులకు వర్తిస్తుంది, కళాకారులకు కాదు. కానీ బృందంలో మృదంగం వాయించే మనిషి ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడైతే వర్తిస్తుంది, డెల్టా బృందాల్లో ఇది అరుదేమీ కాదు. అలాగే, ఆతిథేయ సంస్థ తన దేశంలో బస, భోజనం తానే ఏర్పాటు చేసి బిల్లులు తానే కట్టుకుంటే ఇక్కడి సంఘం ఖాతాలోకి సొమ్ము వచ్చే ప్రశ్నే ఉండదు. వృత్తి రీత్యా ప్రదర్శన చేసినందుకు ఒప్పందం ప్రకారం కళాకారుడికి ముట్టే పారితోషికాన్ని విరాళం నిర్వచనం నుంచి చట్టమే వేరుచేసింది. కాబట్టి ఒప్పంద పత్రం రాసేటప్పుడు ఏది ఆతిథ్యం, ఏది పారితోషికం, ఏది విరాళం అన్నది వేర్వేరు పేరాల్లో ఉండాలి. అన్నీ కలిపి ఒకే మొత్తంగా సంఘానికి పంపమని అడగడం ఊరికే తెచ్చిపెట్టుకున్న తలనొప్పి.

పైన చెప్పిన నిబంధనలన్నీ ఒక దిక్కునే చూపిస్తున్నాయి. విదేశీ బృందాన్ని డెల్టాకు రప్పిస్తే, పద్ధతి ప్రకారం విమాన ఛార్జీ వారి దేశపు నిధి నుంచి వస్తుంది. ఇక్కడి బస, వేదిక, శిక్షణ శిబిరం ఖర్చంతా దేశం లోపలిదే కాబట్టి సంస్కృతి శాఖ గ్రాంటు, కంపెనీల సామాజిక బాధ్యత నిధి, పన్ను మినహాయింపు అన్నీ వర్తిస్తాయి. ఎఫ్‌సీఆర్ఏ ఖాతా అవసరం దాదాపు ఉండదు. చిన్న సంఘం తన మొదటి అంతర్జాతీయ కార్యక్రమంగా ప్రయాణాన్ని కాక ఆతిథ్యాన్ని ఎంచుకోవడం తెలివైన పని. కళ పరంగా చూసినా ఇందులో నష్టం లేదు. ఉదాహరణకు, సామర్లకోట దగ్గరి మాధవపట్నం తోలుబొమ్మలాటకు పేరున్న ఊరు. ఇండోనేషియా తోలుబొమ్మలాట అయిన వయాంగ్ కులిత్ కళాకారులు ఇద్దరు అక్కడికి వచ్చి పది రోజులు ఉంటే, ఇక్కడి నిలువెత్తు రంగుల బొమ్మనూ వారి చిన్న బొమ్మనూ ఒకే తెర వెనుక పెట్టి చూడవచ్చు. రామాయణ భారతాలు రెండు చోట్లా ఉన్నవే. పదిహేను నిమిషాల విదేశీ వేదిక మీద ఇది జరిగే పని కాదు. ముగింపు ప్రదర్శనకు కాకినాడ సూర్యకళామందిరమో రాజమహేంద్రవరం ఆనం కళాకేంద్రమో చాలు.

ఆతిథ్యానికీ తనవైన నియమాలున్నాయి. కోనసీమలో అతిథులను హోటల్లో కంటే సభ్యుల ఇళ్లలోనే ఉంచుకోవడం మామూలు, మర్యాదగా కూడా ఉంటుంది. కానీ విదేశీయులకు బస ఇచ్చిన వారెవరైనా, అది ఇల్లయినా సరే, 24 గంటల్లోగా వారి వివరాలు అధికారులకు ఆన్‌లైన్‌లో పంపాలి. కాలం కూడా చూసుకోవాలి. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. సంక్రాంతి నుంచి మాఘ తీర్థాల దాకా ఇక్కడి బృందాలకు తీరిక ఉండదు, అవి వారి సంపాదన రోజులు. అయితే కనుమ నాటి జగ్గన్నతోట ప్రభల తీర్థమో భీష్మ ఏకాదశి నాటి అంతర్వేది రథోత్సవమో అతిథికి చూపించదలచినవారికి అదే సరైన అదను.

ప్రయాణమే తప్పనిసరి అనుకున్నప్పుడు, ఉదాహరణకు ఫ్రాన్సులోని షార్ల్‌విల్-మెజియేర్ పట్టణంలో రెండేళ్లకోసారి జరిగే ప్రపంచ తోలుబొమ్మల, కీలుబొమ్మల ఉత్సవం నుంచి పిలుపు వచ్చిందనుకుంటే, లెక్క బొమ్మల పెట్టె దగ్గర మొదలు కావాలి. భుజం, మోచేయి, మోకాలు దగ్గర కీళ్లున్న ఐదారు అడుగుల బొమ్మను ఎంత జాగ్రత్తగా మడిచినా, పొడవు వెడల్పు ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లకు మించకూడదన్న విమాన సామాను కొలతలో ఇమడదు. అదనపు సామాను ఛార్జీ బడ్జెట్‌లో ప్రత్యేక పద్దుగా ఉండాలి. సరిహద్దుల్లో సుంకం కట్టకుండా తాత్కాలికంగా తీసుకెళ్లి తిరిగి తెచ్చేందుకు 'ఏటీఏ కార్నే' అనే పత్రం ఉంది. మన దేశంలో వాణిజ్య, పారిశ్రామిక మండళ్ల సమాఖ్య ఫిక్కీ ఇస్తుంది, దానికి పూచీకత్తు కట్టాలి. అంతకంటే సున్నితమైనది తోలు సంగతి. ఇప్పుడు బొమ్మలు మేకతోలుతో చేస్తున్నా, తాతల నాటి పెట్టెల్లో దేవతా పాత్రలకు జింక తోలు వాడిన బొమ్మలు ఉండవచ్చు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉండగా అలాంటి బొమ్మను విమానాశ్రయానికి తీసుకెళ్లడం ప్రమాదం. కుటుంబంలో అందరికంటే అందమైన రాముడు ఇంట్లోనే ఉండి, కొత్తగా కట్టిన మేకతోలు రాముడు ఫ్రాన్సు వెళ్లాలి. కొత్త బొమ్మల తయారీ దేశం లోపలి ఖర్చే కనుక రూపకల్పన గ్రాంటులో చూపించవచ్చు.

తర్వాతి చిక్కు పేర్లది. తెలుగువారి ఇంటిపేరు ఆధార్‌లో ఒక అక్షరంగా, రేషన్ కార్డులో పూర్తిగా, పాస్‌పోర్టులో అసలు లేకుండా ఉండటం సర్వసాధారణం. 2022 నవంబరులో యూఏఈ ఒకే పేరున్న పాస్‌పోర్టులతో సందర్శక వీసాలు ఆపినప్పుడు గల్ఫ్ రాకపోకలున్న కోనసీమకు ఈ సమస్య ఇంటింటా తెలిసివచ్చింది. గ్రాంటు మంజూరు ఉత్తరంలో, వీసా దరఖాస్తులో, బ్యాంకు ఖాతాలో ఒకే పేరు ఒకే విధంగా లేకపోతే ఎక్కడో ఒకచోట ఆగుతుంది. యూరప్ షెంగెన్ వీసాకు కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. అమెరికాకు పారితోషికం తీసుకుని ఆడే సంప్రదాయ బృందానికి సందర్శక వీసా సరిపోదు. సంస్కృతికి ప్రత్యేకమైన కళారూపాల కోసం ఉన్న పీ-3 వీసా కావాలి, దానికి దరఖాస్తు పెట్టవలసింది అక్కడి ఆహ్వాన సంస్థ. ఆదరాబాదరాగా పర్యాటక వీసా మీద తీసుకెళ్లే నిర్వాహకుల మాట నమ్మిన కళాకారుడికి తర్వాతి ప్రయాణాలన్నీ మూసుకుపోయే ప్రమాదముంది.

ఇన్నింటికీ అడుగున ఉన్నది సంఘం సొంత ఆరోగ్యం. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదైన సంఘం ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, కార్యవర్గ జాబితాను రిజిస్ట్రారుకు సమర్పించాలి. పదేళ్ల కిందట గతించిన అధ్యక్షుల పేరే ఇంకా దస్త్రంలో ఉన్న సంఘాలు డెల్టాలో తక్కువేమీ లేవు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక చిరునామాలు సరిచేసుకోని సంఘాల సంగతి సరేసరి. యానాం సంఘాల పరిస్థితి మరీ ప్రత్యేకం: చుట్టూ గోదావరి డెల్టాయే అయినా, 1954 దాకా ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న ఆ పట్టణం పుదుచ్చేరి పరిధిలోనిది కాబట్టి నమోదూ రాష్ట్రస్థాయి సహాయమూ అటు నుంచే రావాలి. కేంద్ర గ్రాంటు కోరేవారికి నీతి ఆయోగ్ 'దర్పణ్' పోర్టల్‌లో నమోదు సంఖ్య, మూడేళ్ల ఆడిట్ లెక్కలు ఉండాలి. పిలుపు వచ్చాక ఇవి మొదలుపెడితే ఉత్సవం అయిపోతుంది.

గ్రాంటు మంజూరైనా డబ్బంతా ముందు రాదు. ఒక విడత ముందుగా, మిగిలినది వినియోగ ధ్రువపత్రం, వోచర్లు, నివేదిక పరిశీలించాక. 2017 సాధారణ ఆర్థిక నియమాల ప్రకారం ఆ ధ్రువపత్రం 12-ఏ ఫారంలో, ఆర్థిక సంవత్సరం ముగిసిన పన్నెండు నెలల్లోగా ఇవ్వాలి. అడ్వాన్సు మీద బ్యాంకు వడ్డీ వచ్చి ఉంటే తిరిగి జమ చేయాలి. సామర్లకోట స్టేషను నుంచి ఊరికి వేసుకున్న ఆటో దగ్గర నుంచి డప్పు కళాకారుడికి ఇచ్చిన దినభత్యం దాకా రసీదు కావాలి. సంతకం రాని కళాకారుడి వేలిముద్ర పక్కన సాక్షి పేరు కూడా ఉండాలి. రెండో విడత వచ్చే దాకా ఆ లోటు పూడ్చేది సాధారణంగా ఊళ్లోని రైసు మిల్లు యజమానో రొయ్యల చెరువుల రైతో ఇచ్చిన చేబదులు. దానికి వడ్డీ పడితే గ్రాంటులో చూపే వీలు లేదు. అందుకే దాత ఇచ్చే సొమ్ము విరాళమా, అప్పా అన్నది మొదటి సమావేశంలోనే తేల్చి మినిట్స్‌లో రాసుకున్న సంఘాలు రెండో కార్యక్రమం దాకా కలిసి ఉంటున్నాయి.